ఏడో నంబరు రాయి

ఓబులమ్మ దరఖాస్తులో నిజం చెప్పకుండా ఉంటే ఈ కథ లేదు. దరఖాస్తులు నింపేవాళ్లలో నూటికి తొంభైమంది నిజం జోలికి పోరు కాబట్టే మన కార్యాలయాలు ఇన్నేళ్లుగా సజావుగా నడుస్తున్నాయి. ఓబులమ్మకు ఆ ఒడుపు తెలియదు. యాభై ఎనిమిదేళ్ల వయసులో మొదటిసారి డివిజను ఆఫీసు మెట్లెక్కిన మనిషికి ఎలా తెలుస్తుంది?

ఆమె వచ్చిన పని చిన్నదే. అడవిపందుల నుంచి పంట కాపాడుకోమని ఆమె మొగుడు తిమ్మప్పకు ఎప్పుడో ఒంటిగొట్టం తుపాకీకి లైసెన్సు ఇచ్చారు. తిమ్మప్ప పోయి రెండేళ్లయింది. తుపాకీ మాత్రం ఇంట్లో మూలన నిలబడే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా మొగుడు గుర్తొచ్చి ఆమెకు ముద్ద దిగడం లేదు. అప్పజెప్పేసి చేతులు దులుపుకుందామని పాత దుప్పట్లో చుట్టుకుని, తన ఊరు పలుగుకొట్టాల నుంచి పొద్దున బస్సుకు వచ్చింది. కండక్టరు అదేదో పారకర్ర అనుకుని సీటు కింద పెట్టుకోమన్నాడు.

"ఆయుధములు, మందుగుండు నియంత్రణ విభాగము" అని బోర్డున్న గదిలో గుమస్తా ఖాజావలి తుపాకీ అందుకుని, తూటాలు బల్లమీద పేర్చాడు.

"ఐదు తూటాలిచ్చినాం గదమ్మా. నాలుగే ఉండాయే?"

"ఒకటి మా ఆయన పంది మింద పేల్చినాడు సారూ. పందికి తగల్లేదు. గుల్ల మాత్రం బద్రంగా పెట్టినాడు" అంటూ ఓబులమ్మ కొంగుముడి విప్పి ఖాళీ గుల్ల తీసిచ్చింది.

ఖాజావలి కళ్లు మెరిశాయి. పేల్చిన తూటాకు ఖాళీ గుల్ల తెచ్చి చూపిస్తేనే ఇంకో తూటా ఇవ్వాలన్నది ఆ విభాగంలో పెద్ద నిబంధన. గుల్ల లేదంటే తూటా దొంగల చేతికి పోయినట్టే లెక్క. మంచి నిబంధనే, దానిమీద నాకేమీ ఫిర్యాదు లేదు. తిమ్మప్పలా గుల్ల దాచిపెట్టిన మనిషిని ఖాజావలి తన పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో చూడలేదు. ఆ గౌరవం కొద్దీ లైసెన్సు రద్దు ఫారం తనే నింపడానికి కూర్చున్నాడు.

"ఇకపై పంట రక్షణకు వాడదలచిన ఆయుధం?"

"వడిసెల సారూ."

"మందుగుండు?"

"రాళ్లు."

"నిల్వ ఎంతుండాది?"

"చేను నిండా ఉండాయి. దున్నేకొద్దీ వస్తానే ఉంటాయి."

ఖాజావలి "నిల్వ: చేను నిండా. ఉత్పత్తి కొనసాగుచున్నది" అని రాసి, వేలిముద్ర వేయించుకుని, ఫారం పైకి పంపాడు. ఓబులమ్మ మధ్యాహ్నం బస్సుకు ఇంటికి పోయింది.

పైన అంటే ఎక్కువ పైన కాదు, పక్క గదిలోనే. అక్కడ పర్యవేక్షణాధికారి శేషావతారం గారు రెండు రోజులుగా దిగులుతో ఉన్నారు. ఆయన డివిజను మొత్తానికీ లైసెన్సు తుపాకులు మూడే. తిమ్మప్పది వెనక్కి రావడంతో రెండయ్యాయి. పని లేని విభాగాలను చేపల శాఖలో కలిపేస్తామని జిల్లా నుంచి ఉత్తరం వచ్చింది. చెరువులన్నీ పశువులు మేసే బయళ్లైపోయిన ఆ డివిజనులో చేపల శాఖకు పోవడమంటే ఏమిటో శేషావతారం గారికి బాగా తెలుసు. అక్కడికి పోయినవాళ్లకు కుర్చీ కూడా ఉండదు.

అలాంటి సమయంలో "నిల్వ: చేను నిండా" అన్న మాట ఆయన కంటబడింది. నిబంధనల పుస్తకం తెరిచారు. "ఆయుధము నుండి బలముగా వెలువడి, దూరమందున్న ప్రాణికి హాని కలిగింపగల ఘనపదార్థము యావత్తును మందుగుండుగా భావింపవలెను" అని మూడో పేజీలోనే ఉంది. ఆ వాక్యంలో తుపాకీ అన్న మాట ఎక్కడా లేదు. శేషావతారం గారు రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మూడోసారి చదివారు.

"ఖాజావలీ! జీపు తియ్యమను. ఈ డివిజనులో ఇంత పెద్ద మందుగుండు డంపు ఉంటే మనం ఇన్నాళ్లూ ఏం చేస్తున్నట్టు?"

ఓబులమ్మది నాలుగెకరాల చేను. అందులో రెండున్నర ఎకరాల్లో రాళ్లు తప్ప ఏమీ మొలవవు. మిగతా ఎకరన్నరలో జొన్న వేసింది. అప్పుడే కంకులు పాలు పోసుకుంటున్నాయి. ఏడాది పొడుగునా ఆమెకు సంగటి ఆ గింజలే, ఆమె రెండు బర్రెలకు మేత ఆ చొప్పే. పాలకంకి గట్టిపడి కోతకొచ్చేదాకా ముప్ఫై రోజులు చిలకల బారి నుంచి కాపాడుకుంటే చాలు, ఆ ఏడు గడిచిపోతుంది. కాపాడుకోకపోతే ఏమవుతుందో ఆమె ఆలోచించదు, ఎందుకంటే ముప్ఫై ఏళ్లుగా కాపాడుకుంటూనే ఉంది.

జీపు వచ్చేసరికి ఆమె మంచె మీద నిలబడి వడిసెల తిప్పుతోంది. నారతో అల్లిన తాడు, నడుమ రాయి పెట్టే గూడు. తలచుట్టూ రెండుసార్లు తిప్పి ఒక కొస వదిలితే తాడు ఛెళ్లుమంది. వంద గజాల అవతల చిలకల గుంపు లేచి కొండ వైపు పోయింది.

"చూశావా, అవతలి గట్టు దాకా పోయింది! నాటు తుపాకీ కూడా అంత పోదు" అన్నారు శేషావతారం గారు ఖాజావలితో. తర్వాత గొంతు సవరించుకుని మంచె వైపు తలెత్తారు. "అమ్మా, తాము వినియోగించు మందుగుండును రకముల వారీగా ప్రదర్శించవలసినదిగా కోరడమైనది."

ఓబులమ్మకు ప్రదర్శించవలసినది అర్థం కాలేదు గానీ, పెద్దమనిషి ఎండలో వచ్చాడు కదా అని దిగి వచ్చి అన్నీ చూపించింది. రాళ్ల బీడులోకి వేసేవి గుండ్రటి రాళ్లు. అవి చాలనప్పుడు పలుగురాళ్లు. పంట మీదికి మాత్రం ఎండబెట్టిన మట్టి ఉండలు.

"మట్టి ఉండలెందుకు?"

"రాయి పడితే కంకి ఇరుగుతాది సారూ. మట్టి ఉండైతే తగిలినచోట పగిలి పొడిపొడైపోతాది."

శేషావతారం గారు రెండడుగులు వెనక్కి వేశారు.

"తగిలినచోట పగిలిపోతుందా? తగిలినచోట విచ్చుకునే తూటాలను యుద్ధంలో శత్రువు మీద కూడా వాడకూడదని ప్రపంచ దేశాలన్నీ కూర్చుని ఒప్పందం రాసుకున్నాయమ్మా! నువ్వు చిలకల మీద వాడుతున్నావా?"

"ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు సారూ" అంది ఓబులమ్మ. నిజంగానే ఎవరూ చెప్పలేదు.

మట్టి ఉండల గంపకు సీలు పడింది. పలుగురాయిని పలుగురాయితో కొట్టి చూస్తే నిప్పురవ్వలు వచ్చాయి. అంటే వెలుగు చిమ్ముతూ పోయే తూటా. అదీ నిషిద్ధమే. గుండ్రటి రాయికి మాత్రం లైసెన్సు మీద అనుమతి ఉండవచ్చునని తేల్చారు. ఆయుధం కింద వడిసెలను స్వాధీనం చేసుకున్నారు. డంపుకు కాపలాగా హోంగార్డు ఈరన్నను పెట్టి, చేను నాలుగు మూలలా ఎర్రజెండాలు పాతించి, శేషావతారం గారు జీపెక్కారు. ఆయన ముఖంలో రెండు రోజుల నాటి దిగులు లేదు.

"మరి చిలకలు సారూ?" అంది ఓబులమ్మ.

"పక్షుల విషయం మా విభాగం పరిధిలోకి రాదు."

మరునాడు ఓబులమ్మ పళ్లెం పట్టుకుని మోగించింది. చిలకలు ఒక పూట భయపడ్డాయి. పళ్లెం వట్టి పళ్లెమేనని సాయంత్రానికి వాటికి తెలిసిపోయింది. తర్వాత అరిచింది. రెండు రోజులు పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకే దాకా అరిస్తే గొంతు పూర్తిగా పోయింది. మూడోనాటికి పడమటి వైపు నాలుగు సాళ్లలో కంకులు ఊచల్లా మిగిలాయి. ఆ ఊచలు చూసి ఓబులమ్మ గట్టు మీద కూలబడింది. ఆమెకు ఏడుపొచ్చింది. అరవడానికి లేని గొంతు ఏడవడానికీ లేకపోయింది. లేచి మళ్లీ బస్సెక్కింది.

ఖాజావలి జాలిగుండె మనిషి. ఆ రోజంతా తిరిగి ఆమెకు తాత్కాలిక లైసెన్సు ఇప్పించాడు. రోజుకు పది రాళ్లు, గుండ్రటివి, తెల్లరంగుతో ఒకటి నుంచి పది దాకా నంబర్లు వేసినవి. వడిసెల కూడా తిరిగిచ్చారు. విసిరిన రాయికి గుల్ల అప్పజెప్పితే మరునాడు బదులు రాయి ఇస్తారు.

"రాయికి గుల్ల యాడుంటాది సారూ?" అని ఆమె గుసగుసగా అడిగింది.

ఖాజావలి లైసెన్సు కాగితం తిరగేసి చూశాడు. లోపలి గది నుంచి శేషావతారం గారే జవాబిచ్చారు: "విసరక మునుపు అది తూటా. విసిరిన పిమ్మట అదే గుల్ల. ఇందులో సందేహమేమున్నది?"

"మా చేన్లో రాళ్లుండాయి గదా, అవి ఇసురుకోనా?"

"అవి జారీ కాని రాళ్లు" అన్నారాయన.

మర్నాడు పొద్దున్నే ఓబులమ్మ మంచె ఎక్కింది. మొదటి రాయికే చిలకలు లేచిపోయాయి. ఆమె ప్రాణం కుదుటపడింది. తర్వాత ఒక్కో రాయే దాచుకుని దాచుకుని విసిరి, పొద్దు బారెడు ఎక్కేసరికి తొమ్మిది వాడింది. ఇక గుల్లలు ఏరుకోవాలి. ఎనిమిది దొరికాయి. ఏడో నంబరు దొరకలేదు.

రాళ్లు తప్ప ఏమీ లేని చేనులో ఓబులమ్మ ఒక రాయి కోసం వెతికింది. ప్రతి రాయినీ తిరగేసి చూసింది. కాపలా ఈరన్న కూడా లాఠీ పక్కన పెట్టి మోకాళ్ల మీద పాకుతూ వెతికాడు. వాళ్లిద్దరూ తలలు వంచి నేల చూస్తుంటే, చిలకలు పైన కంకుల మీద తీరిగ్గా కూర్చుని తిన్నాయి.

"పెద్దమ్మా, ఇంకో రాయికి ఏడు అని ఏసి ఇచ్చేద్దామా? ఎవురు కనుక్కుంటారు?" అన్నాడు ఈరన్న నడుము పట్టుకుని.

"అబద్దం గదా నాయనా" అంది ఓబులమ్మ. ముందే చెప్పాను, ఆమెకు ఆ ఒడుపు లేదని.

సాయంత్రం ఆమె ఆఫీసుకు వచ్చి, ఏడో నంబరు దొరకలేదని ఉన్నమాట చెప్పింది. శేషావతారం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. డివిజను చరిత్రలో మొదటిసారి మందుగుండు గల్లంతైంది! గంటలో మూడు చెక్‌పోస్టులకు సమాచారం వెళ్లింది. క్వారీ నుంచి కంకర వేసుకొస్తున్న లారీని ఆపి, రాళ్లన్నీ రోడ్డు మీద దింపించి, ఒక్కొక్కటే తిప్పి చూశారు. ఏడు అనే అంకె దేనిమీదా లేదు. లారీ డ్రైవరు ఏమన్నాడో ఇక్కడ రాయడం మర్యాద కాదు.

మర్నాడు శేషావతారం గారు ఉత్తర్వు జారీ చేశారు. "గల్లంతైన రాయి సదరు చేనులోని ఇతర రాళ్ల నడుమ తలదాచుకొనుటకు అవకాశము మెండుగా నున్నందున, గల్లంతు కాని రాళ్లన్నింటినీ తక్షణమే తొలగింపవలెను. తదుపరి మిగులునదే గల్లంతైన రాయి."

ఇందులో తప్పు పట్టడానికేముంది? ఖాజావలి రెండుసార్లు చదివి తనూ ఒప్పుకున్నాడు.

నలభైమంది కూలీలు, మూడు ట్రాక్టర్లు దిగాయి. రెండు రోజులు చేనంతా పిలుపులు, కేకలు, బీడీ పొగ, పాటలు. రెండున్నర ఎకరాల బీడు అరచేతిలా తయారైంది. నలభై ఒక్క వేల రాళ్లు ఆఫీసు ఆవరణకు చేరాయి. చివరికి ఏ రాయీ మిగల్లేదు, ఏడో నంబరు కూడా. ఆ రెండు రోజులూ ఓబులమ్మ మంచె మీద ఊరికే కూర్చుంది. కూలీల గోలకు ఒక్క చిలకా చేను దరిదాపులకు రాలేదని మాత్రం ఆమె గమనించింది. మూడోనాడు కూలీలు వెళ్లిపోయారు, చిలకలు వచ్చాయి.

ఆఫీసు ఆవరణలో రాళ్ల గుట్ట కిటికీ దాకా లేచింది. శేషావతారం గారి గదిలో పట్టపగలు లైటు వేసుకోవాల్సి వచ్చింది. స్వాధీనం చేసుకున్న నిషిద్ధ మందుగుండును ధ్వంసం చేయాలని పుస్తకంలో స్పష్టంగా ఉంది. రాయిని ధ్వంసం చేయడమంటే పగలగొట్టడమే కదా. కంకర మిషను తెప్పించి ఒక రోజంతా ఆడించారు. సాయంత్రం ఖాజావలి లెక్క తీసుకుని లోపలికి వచ్చాడు.

"సార్, పొద్దున నలభై ఒక్క వేలు. ఇప్పుడు పన్నెండు లక్షలు దాటినాయి సార్. ధ్వంసం చేసేకొద్దీ ఎక్కువైతా ఉండాయి."

"చిన్నవైపోయాయి కదయ్యా!"

"చిన్నవైనా తూటాలే గద సార్. ఇంకా బాగా చిన్నవి చేస్తే వడిసెల గూట్లో నాలుగు పడతాయి. చిన్న గుండ్ల తూటాల కింద రాయాల."

ఉన్నమాట రాయడం ఖాజావలికి ఓబులమ్మ దగ్గర అంటుకుందేమో, ఆ లెక్క జిల్లాకు అలాగే వెళ్లింది. జిల్లా నుంచి జవాబు రెండో రోజే వచ్చింది. "మీ కార్యాలయ ఆవరణలో ఒక్క దినములో పదకొండు లక్షల పైచిలుకు మందుగుండు నూతనముగా ఉత్పత్తి అయినట్లు తెలియవచ్చుచున్నది. సదరు కర్మాగారమును ఏ లైసెన్సుపై స్థాపించితిరో వారము దినములలో సంజాయిషీ ఇవ్వవలెను. లేని యెడల చట్టరీత్యా చర్య గైకొనబడును."

చేపల శాఖ అంటే ఇప్పుడు శేషావతారం గారికి స్వర్గంలా కనిపించింది. పుస్తకం మళ్లీ తిరగేశారు. నిల్వ తగ్గించడానికి మార్గాలు మూడే ఉన్నాయి. ఒకటి ధ్వంసం, దాని సంగతి తేలిపోయింది. రెండోది తయారీదారుకు తిప్పి పంపడం.

"తయారీదారు ఎవరని రాయమంటారు సార్?" అని ఖాజావలి పైకప్పు వైపు చూశాడు.

మూడోది, లైసెన్సుదారు చేత వినియోగింపజేయడం. ఆ డివిజనులో రాళ్లకు లైసెన్సున్న మనిషి ఒక్కతే.

మర్నాడు పొద్దున్నే కంకర ట్రాక్టరు వెనక జీపు, జీపులో శేషావతారం గారు పలుగుకొట్టాల చేరారు. కోతకు ఇంకా పన్నెండు రోజులుంది. ఓబులమ్మ మిగిలిన తొమ్మిది రాళ్లూ ముందు పెట్టుకుని, ఏ రాయి ఎప్పుడు వాడాలా అని లెక్కలేసుకుంటోంది. ఈసారి ఆయన ఆమెను మంచె దిగమనలేదు. చెప్పులు విప్పి తనే నిచ్చెన సగం ఎక్కారు.

"ఓబులమ్మ గారూ, తమ దినసరి పరిమితిని ఎత్తివేయడమైనది. ఎన్ని కావాలంటే అన్ని విసరండి. ఎంత విసిరితే అంత మేలు."

ఓబులమ్మ ఆయన మొహం చూసింది. పాపం, మనిషి నాలుగు రోజుల్లో సగమైపోయాడు. "గుల్లలు సారూ?" అంది, ఉన్న కాస్త గొంతుతో.

ఆయన తల వంచుకున్నారు. "గుల్ల చూపనిదే వినియోగమైనట్టు రాయలేమమ్మా. నిబంధన నిబంధనే."

"నా మోకాళ్లు పోయినాయి సారూ. ఇసిరేది నేను ఇసురుతా. ఏరేది నాతో కాదు."

ఖాజావలి పుస్తకం తెరిచాడు. గుల్లలను పర్యవేక్షణాధికారి హోదాకు తగ్గని అధికారి స్వహస్తాలతో సేకరించి ధ్రువీకరించవచ్చునని ఒక మూల ఉండనే ఉంది. ఆ హోదా గల అధికారి ఆ చేనులో ఒక్కరే ఉన్నారు. కంకరకు నంబర్లు వేయడం సాధ్యం కాదు గనుక సున్నంలో ముంచితే చాలని తీర్మానించారు. ఈరన్న సున్నం కలిపాడు.

ఓబులమ్మ మొదటి తెల్లరాయి విసిరింది. శేషావతారం గారు ప్యాంటు మడిచి, గంప చంకన పెట్టి, జొన్న సాళ్ల మధ్య పరుగెత్తారు. వెనకాలే ఖాజావలి రిజిస్టరు పట్టుకుని "ఎడమ పక్క సార్! ఇంకా ముందుకు సార్!" అని అరుస్తూ పోయాడు. జొన్న చేను మొత్తం కదిలింది. తెల్ల చొక్కా ఒక మూల మునిగి ఇంకో మూల తేలడం చిలకలు ఎప్పుడూ చూసి ఉండవు. ఒక్కపెట్టున లేచి కొండ దాటి పోయాయి.

మొదటి గంటలో ఓబులమ్మ ఇరవై రాళ్లు విసిరింది. తర్వాత ఆమెకు ఒక సంగతి తట్టింది. రాయి విసిరితే చిలకలు కాసేపే పోతున్నాయి. ఆ రాయిని వెతికేటప్పుడు మాత్రం అసలు రావడం లేదు. అప్పటి నుంచి అరగంటకు ఒకటి చాలించింది.

ఆ రోజు నుంచి రోజూ పొద్దు పొడవకముందే జీపు వచ్చేది. ఎనిమిది రోజులు గడిచేసరికి వినియోగమైన రాళ్లు నూట తొంభై. మిగిలినవి పన్నెండు లక్షల చిల్లర. సంజాయిషీ గడువును జిల్లావారు ఇంకో వారం పొడిగించారు. కంకులు మాత్రం గట్టిపడి, ఎర్రబారి, బరువుకు వంగుతున్నాయి.

"కాస్త వేగంగా విసరండమ్మా" అని శేషావతారం గారు గట్టు మీద నిలబడి చెమట తుడుచుకుంటూ బతిమాలారు. "ఈ లెక్కన ఎన్నేళ్లు పడుతుందో!"

"చెయ్యి నొప్పిగా ఉండాది సారూ" అంది ఓబులమ్మ. నిజమే, కొద్దిగా నొప్పిగానే ఉంది.

అంతలో పడమటి మూల, నాలుగు సాళ్లు పోయిన చోటికి ఆనుకుని, ఏడెనిమిది చిలకలు వాలాయి. ఓబులమ్మ ఒక తెల్లరాయి గూట్లో పెట్టి, రెండుసార్లు తిప్పి, అక్కడికే వదిలింది.

"సారూ, పడమటి మూల పడింది. చేన్లోకి దిగి, కంకులు బాగా కదిలిచ్చి ఎతకండి."

ఆయన గంప తీసుకుని పరుగెత్తారు. చిలకలు లేచిపోయాయి. ఓబులమ్మ మంచె మీద కాళ్లు చాపుకుని, సద్దిమూట విప్పి, సంగటి ముద్ద చేసుకుంది. రెండేళ్ల తర్వాత ఆమెకు తిండి రుచిగా అనిపించింది.

"దొరికిందా సారూ?"

"ఇంకా లేదమ్మా!"

"తొందరేం లేదు సారూ, నిదానంగా చూడండి. కోతకు ఇంకా నాలుగు దినాలుండాది."